డిగ్రీలో స్టాటిస్టిక్స్ కోర్సును ఎలా ఎంచుకోవాలి?

స్టాటిస్టిక్స్ అన్న ఒక్క పేరుతో డిగ్రీలో కనీసం మూడు రకాల చదువులు ఉన్నాయి: బీఎస్సీలో మేజర్‌గా చదివేది, వేరే మేజర్‌కు తోడుగా మైనర్‌గా తీసుకునేది, బీకాంలో బిజినెస్ స్టాటిస్టిక్స్ పేపరుగా వచ్చేది. పేరు చూసి చేరిపోయి, మొదటి సెమిస్టరు గడవకముందే తల పట్టుకునే పిల్లలు ఉంటారు కాబట్టి, వెబ్ ఆప్షన్లు పెట్టకముందే ఈ పనులు చేయడం మంచిది.

ముందుగా మీ ఆసక్తి ఎంత లోతైనదో ఒక చిన్న వర్షపాతం లెక్కతో చూసుకోండి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ సగటు అందిన ఏడాదిలోనూ, వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తే రైతుకు మిగిలేది కట్టె మాత్రమే. మీ మండలం పదేళ్ల వర్షపాతం అంకెలు కాగితం మీద వేసుకుని, సగటు, క్రమ విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత అటూ ఇటూ ఉన్నాయో చెప్పే కొలత) కట్టి చూడండి. లెక్క తేలగానే పని అయిపోయిందనిపిస్తే మీకు మైనరో, బిజినెస్ స్టాటిస్టిక్సో సరిపోతుంది. విచలనాలను వర్గం ఎందుకు చేయాలి, పదేళ్ల అంకెలతో వచ్చే ఏడాది గురించి ఎంతవరకు చెప్పవచ్చు అన్న ప్రశ్నలు వెంటాడితే మేజర్ వైపు ధైర్యంగా వెళ్లవచ్చు.

తరువాత, చేరదలచిన కోర్సు పాత ప్రశ్నపత్రాలు రెండు మూడు సంపాదించండి. నా దృష్టిలో సిలబస్ కంటే ఇవే ఎక్కువ నిజం చెబుతాయి. 'గణించండి' అన్న ప్రశ్నలే నిండి ఉంటే క్యాలిక్యులేటరు, ఓపిక చాలు. 'నిరూపించండి', 'ఉత్పాదించండి' అన్నవి ఎక్కువగా ఉంటే అవకలనం (డిఫరెన్షియేషన్), సమాకలనం (ఇంటిగ్రేషన్) చేతికి బాగా అలవాటై ఉండాలి, ఎందుకంటే ఎత్తు, బరువు లాగా ఏ విలువైనా తీసుకోగల రాశులకు వాడే అవిచ్ఛిన్న విభాజనాల్లో సంభావ్యతను (ప్రాబబిలిటీని) సమాకలనంతోనే కనుక్కుంటారు. ఇంటర్లో ఎంపీసీ చదివినా సమాకలనాన్ని ఛాయిస్‌లో వదిలేసినవారు వేసవిలోనే ఆ పాఠం తిరగేయాలి.

కళాశాలకు స్వయంగా వెళ్లి సీనియర్ల ప్రాక్టికల్ రికార్డు అడిగి చూడండి. ద్విపద, పాయిజాన్ విభాజనాలను (సంభావ్యత లెక్కకు వాడే రెండు నమూనాలను) దత్తాంశానికి, అంటే సేకరించిన అంకెలకు, అమర్చిన పుటల్లో అందరి రికార్డుల్లోనూ ఒకే అంకెలు, ఒకే కొట్టివేతలు కనిపిస్తే అక్కడ ల్యాబు ఎలా నడుస్తోందో వేరే చెప్పనక్కరలేదు. ఎక్సెల్, ఆర్ (R) వంటి సాఫ్ట్‌వేర్లతో విద్యార్థుల చేత లెక్కలు చేయిస్తున్నారో, బోర్డు మీద చెప్పి వదిలేస్తున్నారో కూడా అడగండి. డేటా సైన్స్ అన్న పేరున్న కోర్సులైతే సంభావ్యతకు, అనుమితికి (కొద్ది నమూనా అంకెల నుంచి మొత్తం గురించి నిర్ధారణకు రావడానికి) ఎన్ని పేపర్లు కేటాయించారో లెక్కపెట్టండి. ప్రోగ్రామింగే తప్ప అవి లేకపోతే అది కంప్యూటర్ కోర్సే.

ఉద్యోగ అర్హతను చివరగా సరిచూసుకోండి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకు డిగ్రీ స్థాయిలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగానైనా ఉండాలి, లేదా ఆ శాస్త్రంలో పీజీ ఉండాలి. బీకాంలో చదివిన ఒక్క పేపరును ఆ లెక్కలోకి తీసుకుంటారన్న భరోసాతో ఉండకండి. ఆ ఏడాది నోటిఫికేషన్‌లోని అర్హతల భాగాన్ని ప్రతి మాటా చదివి, మీ మార్కుల జాబితాలో సబ్జెక్టు పేరు ఏమని ముద్రిస్తారో కళాశాల ఆఫీసులో అడిగి తెలుసుకున్న తరువాతే ఆప్షన్ల వరుస ఖరారు చేయండి.