శనివారం పొద్దున లేచి అప్పటికప్పుడు లాక్‌హార్ట్ వెళ్లొచ్చేయడం ఎలా

టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో మనోళ్ల వీకెండ్ సంగతి తెలిసిందే కదా, కాస్ట్‌కో, ఇండియన్ స్టోరు, పిల్లల క్లాసులు, ఆదివారం రాత్రికి "ఎక్కడికీ వెళ్లలేదు" అని మొహాలు వేలాడేసుకోవడం. నాలుగు ఫ్యామిలీలు కలిసి వెళ్దాం అనుకున్నామా, ఆ ట్రిప్ వాట్సాప్ గ్రూపులోనే చచ్చిపోతుంది. అందుకే ఎవర్నీ అడక్కండి, కాఫీ తాగుతూ డిసైడ్ అయిపోండి, పదిన్నరకల్లా అక్కడుండేలా బయల్దేరండి. లాక్‌హార్ట్ అనే ఈ చిన్న ఊరు ఆస్టిన్‌కి దక్షిణంగా ఓ 30 మైళ్లు అంతే, ఉత్తరాన ఉండే రౌండ్ రాక్, సీడార్ పార్క్ వైపు నుంచైతే గంట వేసుకోండి.

రోజు మాత్రం చూసుకోండి. మేం మొదటిసారి లాంగ్ వీకెండ్ కదా అని సోమవారం వెళ్లాం, సెంటర్‌లో సగం షాపులకి తాళాలు, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. శనివారం బెస్ట్.

రూటు రెండు రకాలు. 130 టోల్ రోడ్డు ఎక్కితే మస్టాంగ్ రిడ్జ్ దాటాక స్పీడ్ లిమిట్ 85 మైళ్లు, అమెరికా మొత్తంలో ఇంతకంటే ఎక్కువ లిమిట్ ఇంకెక్కడా లేదు, ఓసారి సరదాగా వెళ్లొచ్చు గానీ టోల్ ట్యాగ్ లేకపోతే బిల్లు ఇంటికే వస్తుంది. తొందరేం లేకపోతే 183 పట్టుకోండి, ఆస్టిన్‌లో దాని టోల్ లేన్లు ఎక్కకుండా పక్క రోడ్డులో వెళ్తే ఫ్రీ. ఎటెళ్లినా ఊరు దగ్గరపడేకొద్దీ లిమిట్ బోర్డులు టకటకా తగ్గిపోతుంటాయి, అక్కడ మాత్రం కాలు బ్రేకు మీదే ఉంచండి.

ఊళ్లోకి వెళ్లాక కోర్టు దగ్గర కారు పెట్టేసి ఇక మర్చిపోండి, చూడాల్సినవన్నీ దాదాపు దాని చుట్టూనే. 1894లో కట్టిన కోర్టు అది, తెల్లటి సున్నపురాయికి మధ్యమధ్యలో ఎర్రరాయి పట్టీలు, పైన గడియారం టవరు, చూస్తే ఏదో జమీందారు బంగళాలా ఉంటుంది. వీకెండ్ ఆఫీసులుండవు కాబట్టి బయట్నుంచే ఓ రౌండేసి ఫోటోలు తీసుకోండి. అక్కణ్ణుంచి నాలుగడుగులేస్తే క్లార్క్ లైబ్రరీ, క్లార్క్ అనే డాక్టరు చనిపోతూ ఊరికి లైబ్రరీ కట్టమని 10,000 డాలర్లు రాసిచ్చాడట, 1900లో తెరిచారు, టెక్సాస్‌లో అప్పట్నుంచి ఆగకుండా నడుస్తున్న లైబ్రరీల్లో ఇదే పాతదని చెప్తారు. టైమింగ్స్ ఫోన్లో చూసుకుని వెళ్లండి, పిల్లల్ని కాసేపు నీడపట్టున కూర్చోబెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఇప్పుడు అసలు విషయం, తిండి. ఈ ఊరిని 1999లో టెక్సాస్ అసెంబ్లీయే బార్బెక్యూ రాజధాని అని ప్రకటించింది, జనం వచ్చేదే దానికోసం. మనలో చాలామందికి బీఫ్ అలవాటుండదు, ఇక్కడేమో బ్రిస్కెట్ అంటే బీఫే, సాసేజ్ కూడా చాలావరకు బీఫే, చికెన్ అనుకుని తీసుకోకండి. అలాంటివాళ్లు 1932 నుంచి ఉన్న బ్లాక్స్ అనే బార్బెక్యూ హోటల్‌కి వెళ్లండి, అక్కడ టర్కీ, చికెన్ ఉంటాయి. అన్నీ ఒకే చెక్క మీద అదే కత్తితో కోస్తారు, పట్టింపు ఉంటే కొత్త చెక్క మీద కొయ్యమని ముందే అడగండి, ఏమీ అనుకోరు. బీన్స్‌లో మాంసం ముక్కలు పడుతుంటాయి, వెజ్ అనుకుని గరిటె పెట్టకముందే కనుక్కోండి. ఆర్డర్ పౌన్లలో ఇవ్వాలి, మనిషికి అర పౌను చాలు, పదకొండున్నర లోపు లైన్లో ఉండండి, మధ్యాహ్నం ఒంటిగంటకి లైను గుమ్మం దాటుతుంది. మా అమ్మ వచ్చినప్పుడు మాత్రం ఇంటి నుంచే పులిహోర డబ్బా, పెరుగన్నం.

తినకపోయినా స్మిటీస్ అనే ఇంకో బార్బెక్యూ హోటల్ లోపలికి ఒక్కసారి వెళ్లి రండి. వెనక గుమ్మంలోంచి వెళ్తే నేల మీదే కట్టెలు భగభగా మండుతుంటాయి, అడ్డం గిడ్డం ఏమీ ఉండదు, గోడలన్నీ మా నాయనమ్మ వంటింట్లోలాగా మసి పట్టి నల్లగా మెరుస్తుంటాయి. పిల్లల చెయ్యి వదలకండి. ఇది మొదట క్రూట్జ్ మార్కెట్ అనే పాత బార్బెక్యూ హోటల్ ఉన్న బిల్డింగ్, ఓనరు పోయేముందు వ్యాపారం కొడుకులకి, బిల్డింగ్ కూతురికి ఇచ్చాడు, తర్వాత అద్దె దగ్గర అన్నాచెల్లెళ్లకి తేడా వచ్చి 1999లో క్రూట్జ్ వేరే చోటికి వెళ్లిపోయింది, వెళ్తూ పాత పొయ్యిలోంచి నిప్పులు ఓ టబ్బులో వేసుకుని రోడ్డు మీద ఈడ్చుకుంటూ తీసుకెళ్లారు. ఆస్తి పంపకాల గొడవలు మన దగ్గరే అనుకున్నాను నేను.

తిన్నాక నిద్రొస్తుంది, స్టేట్ పార్కుకి పోండి, 1930ల్లో నిరుద్యోగ కుర్రాళ్లకి పని కల్పించడానికి సర్కారు కట్టించింది. 12 ఏళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు, వాగు పక్కన చెట్లకింద దుప్పటి పరుచుకుని ఓ గంట పడుకోవచ్చు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అయితే ఈ ముక్క వదిలేయండి, ఎండ చంపేస్తుంది. మార్చి చివర, ఏప్రిల్‌లో అయితే రోడ్డు పక్కన బ్లూబానెట్ అనే నీలం పూలు కూడా కనిపిస్తాయి, ఫోటోకి గడ్డిలో కూర్చునే ముందు పాములున్నాయేమో చూసుకోండి.

చీకటి పడకముందే బయల్దేరండి, జింకలు రోడ్డుకి అడ్డం వస్తాయి. ఇంకోటి, మంచి బట్టలు వేసుకెళ్లకండి, మా అమ్మ స్మిటీస్‌లో నిలబడింది అయిదు నిమిషాలే, ఆ వెంకటగిరి చీర రెండుసార్లు ఉతికినా పొగ వాసన పోలేదు.