పని ఒత్తిడిని ఖాళీ సమయంలో ఎలా దించుకోవాలి?

ఇంటికి వచ్చి రెండు గంటలు దాటింది. కూతురు బడిలో జరిగిన సంగతేదో చెబుతోంది. మీరు తల ఊపుతున్నారు గానీ, చెవిలో మోగుతున్నది మధ్యాహ్నం పై అధికారి అన్న మాట. ఇలా గడిచిన సాయంత్రం విశ్రాంతి కిందికి రాదు. పని చేయకుండా ఉండటం వేరు, పని నుంచి తేరుకోవడం వేరు. రెండోది జరగాలంటే మనం కొంచెం పూనుకోవాలి.

1. పని దగ్గరే రోజును ముగించండి. లేవడానికి పది నిమిషాల ముందు, మిగిలిపోయిన పనులను కాగితం మీద పెట్టండి. అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదేనని నా నమ్మకం. అయితే “నివేదిక పూర్తి చేయాలి” అని రాస్తే చాలదు. “రేపు పది గంటలకు, మూడో పట్టికలో తేలని మొత్తాన్ని సరిచూడాలి” అని రాయాలి. ఎప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకుంటే, సగంలో ఆగిన పని మనసును తొలవడం తగ్గుతుందని 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాల ద్వారా చూపించారు. పని పూర్తి కాకపోయినా, దానికో వేళ కుదిరిందని తెలిస్తే మనసు కుదుటపడుతుంది.

2. హద్దు గీయండి. రాగానే బట్టలు మార్చుకోండి. ఆఫీసు సందేశాలు వచ్చే ఫోనును వేరే గదిలో పెట్టండి. ఇంటి నుంచే పనిచేసేవారు కంప్యూటర్‌ను కంటికి కనబడకుండా సర్దేయాలి. నిజంగా అత్యవసరమైతే ఫోన్ చేయమని తోటివారికి ముందే చెప్పండి. ఇలా అడగడం మొండితనం కాదు. పనివేళలు దాటాక సందేశాలకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి చట్టంలోనే పెట్టింది.

3. అలసినదేదో చూసి, దానికి విశ్రాంతి ఇవ్వండి. అందరికీ ఒకే మందు పనికిరాదు. రోజంతా కూర్చున్నవారికి నడక కావాలి, నిలబడి పనిచేసినవారికి కాళ్లు చాపుకోవడం కావాలి. పొద్దుటి నుంచి మాట్లాడుతూనే ఉన్న ఉపాధ్యాయురాలికి అరగంట మౌనం దొరికితే ప్రాణం లేచొస్తుంది. ఒంటరిగా లెక్కలు చూసిన మనిషికి నలుగురితో కబుర్లు కావాలి. ఇక తెర చూసి అలసిన కళ్లకు మళ్లీ తెరనే చూపిస్తే అది సేదతీరడం ఎలా అవుతుంది?

4. ఇష్టమైన పని ఒకటి నేర్చుకోండి. ఖాళీ సమయంలో తేరుకోవడంపై జోనెన్‌టాగ్, ఫ్రిట్జ్ 2007లో ప్రచురించిన అధ్యయనం నాలుగు అనుభవాలను గుర్తించింది: మనసు పని నుంచి విడివడటం, సేదతీరడం, కొత్త నేర్పు సాధించడం, తన సమయం తన చేతిలో ఉండటం. మనం ఎక్కువగా మరిచేది మూడోదాన్నే. నేను పెన్సిల్‌తో ఆకులు గీస్తాను. నడిమి ఈనె నుంచి పక్క ఈనెలు ఎక్కడ చీలుతున్నాయి, అంచు దగ్గర ఎటు వంగుతున్నాయి అని చూస్తూ గీస్తుంటే, అంతసేపూ ఆఫీసు గుర్తుకే రాదు. బాగా అలసిన రోజున మొదలుపెట్టడమే కష్టం. అలాంటప్పుడు పది నిమిషాలు చాలనుకుని కూర్చోండి.

5. రాత్రి ఆలోచనలు తిరిగొస్తే వాటితో పోట్లాడకండి. ఒక వాక్యంగా రాసి, కాగితం మడిచి పెట్టేయండి. పెద్దవారికి కనీసం ఏడు గంటల నిద్ర అవసరం, దాన్ని కోసుకోవద్దు.

ఇదంతా సెలవుల్లో చూసుకుందామని వాయిదా వేయకండి. సెలవుల్లో వచ్చిన తేలికదనం పనిలో చేరిన కొద్ది వారాలకే కరిగిపోతుంది. ప్రతి సాయంత్రం కొంత కొంత తేరుకోవాలి.

ఒక్క మాట. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరి మీద పడుతుంటే ఏ సాయంత్రమూ దాన్ని మోయలేదు. ఆ సంగతి పై అధికారితోనే మాట్లాడాలి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా వైద్యుడిని కలవండి.