కపాల నాడులు – 5వ పాఠం: ముఖంలో స్పర్శ ఐదోది, కదలిక ఏడోది

మెదడు నుంచి నేరుగా వచ్చే కపాల నాడుల్లో, కంటిని తిప్పే మూడు, నాలుగు, ఆరు నాడులు పోయిన పాఠంలో చూశాం. వరుస ప్రకారమైతే ఈసారి ఐదో నాడి ఒక్కటే రావాలి. కానీ ఐదునీ ఏడునీ కలిపి చెబుతున్నాను, ఎందుకంటే రెండూ ఒకే ముఖం మీద పనిచేస్తాయి. వార్డులో కొత్తగా అడుగుపెట్టిన నర్సింగ్, ఫిజియోథెరపీ పిల్లలు తడబడేది కూడా ఇక్కడే. చెంప మొద్దుబారిందన్నా ఫేషియల్ (ఏడో నాడి) అని రాస్తారు, మూతి వంకరపోయిందన్నా ఫేషియల్ అనే రాస్తారు. మొద్దుబారడం ఐదోదాని సంగతి, వంకరపోవడం ఏడోదాని సంగతి. ఈ తేడా మీ చేతివేళ్లకు తెలియాలి.

ఈ పొరపాటు పెద్దవాళ్లకీ తప్పలేదు. ముఖంలో భరించలేని నొప్పి వస్తే ఏడో నాడిని కోసేసిన సర్జన్లు ఒకప్పుడు ఉన్నారు. నొప్పి అట్లాగే ఉండేది, మూతి మాత్రం పడిపోయేది. ఈ రెండు నాడుల పనులు వేరని చార్లెస్ బెల్ 1821లో లండన్‌లో రాశాడు. ఏడో నాడి దెబ్బతిని ముఖం ఒక పక్క పడిపోవడాన్ని బెల్స్ పాల్సీ అంటాం, ఆ పేరు ఆయనదే.

ముందు ఐదోది, ట్రైజెమినల్. దీనికి మూడు కొమ్మలు. మొదటిది నుదురు, పైరెప్ప, కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర. రెండోది చెంప, పైపెదవి, పైపళ్లు. మూడోది గడ్డం, కిందిపెదవి, కిందిపళ్లు. మూడో కొమ్మకు ఇంకో బాధ్యత ఉంది: నమిలే కండరాలను కదిలించేది అదే. అందుకే ట్రైజెమినల్‌ను మిశ్రమ నాడి అంటాం.

పరీక్ష మొదలుపెట్టండి. దూదిని కొస వచ్చేలా మెలిపెట్టండి. రోగి కళ్లు మూసుకోవాలి. నుదురు, చెంప, గడ్డం, ఒక్కో చోట ఒక పక్క, వెంటనే రెండో పక్క తాకండి. తాకాలి, రుద్దకూడదు. రుద్దితే పక్క కొమ్మ చోటు కూడా కలిసిపోతుంది. "ఈ పక్కా, ఆ పక్కా ఒకే మాదిరి తెలస్తా ఉందా అవ్వా?" అని అడగండి. "తెలుస్తా ఉందా?" అని మాత్రం అడిగితే ఎవరైనా తెలుస్తా ఉందనే అంటారు. పోల్చి చెప్పమంటేనే "ఈ పక్క దుప్పటి మీద తాకినట్ల ఉండాది" లాంటి అసలు జవాబు వస్తుంది.

తిరుపతిలో చదివేవాళ్లకి ఒక మంచి వసతి ఉంది. ఇంట్లోనో వీధిలోనో ఎవరో ఒకరు కొండకు పోయి గుండు చేయించుకుని వచ్చి ఉంటారు. వాళ్లను కూర్చోబెట్టి నుదుటి మీద మొదలుపెట్టి నడినెత్తి దాకా దూది తాకిస్తూ పోండి. ఆ దారంతా ట్రైజెమినల్ మొదటి కొమ్మదే. నడినెత్తి దాటి వెనక్కి పోయారా, అది ఇక కపాల నాడుల సొత్తు కాదు. మెడ దగ్గర వెన్నుపాము నుంచి వచ్చే నాడులది. గుండు మీద గంధం పూసినప్పుడు ముందు సగం చల్లదనాన్ని ఒక నాడి మోస్తుంది, వెనక సగాన్ని ఇంకొకటి. ఇలాంటిదే ఇంకో సరిహద్దు దవడ మూల. చెవి కింద దవడ వంగే చోటు కూడా మెడ నాడులదే. ముఖంలో సగం మొద్దుబారిందని వచ్చినవాళ్ల దగ్గర దవడ మూల విడిగా తాకి చూడండి. అక్కడ స్పర్శ బాగుండి, పైన తగ్గితే ట్రైజెమినల్ మీద అనుమానం బలపడుతుంది.

నమిలే కండరాలకి ఎక్కువ మాటలు అక్కర్లేదు. పళ్లు గట్టిగా కరవమని కణతల మీద, దవడల మీద వేళ్లు పెట్టండి. గట్టిపడాలి. తర్వాత నోరు తెరవమనండి. ఒక పక్క బలం తగ్గితే దవడ ఆ తగ్గిన పక్కకే జరుగుతుంది, ఎందుకంటే బాగున్న కండరం దాన్ని అటు నెడుతుంది.

ఏడోదాంట్లో ఇది తారుమారు. నవ్వినప్పుడు మూతి బాగున్న పక్కకి లాగుతుంది. పరీక్షలో మార్కులు పోయేది ఈ రెండు వాక్యాల దగ్గరే, కాబట్టి అద్దం ముందు నిలబడి దవడ జరపడం, మూతి లాగడం విడివిడిగా చేసి చూసుకోండి.

ఏడో నాడి ముఖకవళికల కండరాలన్నిటినీ కదిలిస్తుంది. నాలుక ముందు మూడింట రెండు వంతుల రుచి, కన్నీరు, కింది లాలాజల గ్రంథులు కూడా దీని కిందే. రుచి దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. సంగటిలోకి ఊరిబిండి నంజుకున్నప్పుడు ఉప్పు, పులుపు ఏడో నాడి ద్వారా తెలుస్తాయి. కారం మాత్రం రుచి కాదు, మంట. నాలుక ముందు భాగంలో దాన్ని మోసేది ఐదోది. అందుకే ఏడోది దెబ్బతిన్న మనిషి "ఉప్పు తెలీలేదు గానీ కారం మండతా ఉండాది" అంటే ఆశ్చర్యపోవద్దు, కేసు షీట్‌లో రాసుకోండి. ఉల్లిపాయ కోసేటప్పుడూ ఇదే జంట: కంటి మంటను చెప్పేది ఐదు, నీళ్లు తెప్పించేది ఏడు.

ఇప్పుడు కదలికలు. కనుబొమలు పైకెత్తమనండి, నుదుటి ముడతలు చూడండి. కళ్లు గట్టిగా మూసుకోమని, మీ వేళ్లతో మెల్లగా తెరవడానికి ప్రయత్నించండి. బాగుంటే తెరవలేరు. పళ్లు చూపించమనండి, బుగ్గలు పూరించమనండి. కన్ను దగ్గర జాగ్రత్త: తెరిచేది మూడోది, మూసేది ఏడోది. రెప్ప వాలి తెరుచుకోకపోతే ఏడోదాన్ని నిందించకండి.

అన్నిటికన్నా విలువైనది నుదురు. ఏడో నాడిలో నుదుటికి పోయే భాగానికి మెదడు రెండు పక్కల నుంచీ ఆజ్ఞలు వస్తాయి. కింది ముఖానికి ఎదుటి పక్క నుంచే. కాబట్టి మూతి వంకరపోయి, నుదుటి ముడతలు రెండు పక్కలా సమానంగా పడితే దెబ్బ మెదడులో ఉందని, పక్షవాతమని భావించి కదలాలి. మాట ముద్దగా వస్తోందా, చెయ్యి పడిపోతోందా చూసి, మొదలైన సమయం రాసుకుని 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డ కరిగించే మందు తగినవాళ్లకి 4.5 గంటల లోపే ఇవ్వాలి. మన జిల్లాలో మూతి వంకరపోతే పసరు మందుకి బయలుదేరే అలవాటు ఇంకా ఉంది. వాళ్లతో వాదించండి, బతిమాలండి, రుయాకో స్విమ్స్‌కో ఎక్కడికైనా సరే ముందు ఆసుపత్రికి తీసుకుపొండి.

నుదురు కూడా నున్నగా అయి, కన్ను మూతపడకపోతే దెబ్బ చాలావరకు నాడిలోనే. బెల్స్ పాల్సీలో చెవి వెనక ఎముకలోని ఇరుకు కాలువలో నాడి వాస్తుంది. రుచి కూడా పోయి, ఆ పక్క చెవిలో చిన్న శబ్దం కూడా గట్టిగా వినిపిస్తోందంటే దెబ్బ ఎముక లోపలే. అవి బాగుండి కండరాలు మాత్రమే పడితే కాలువ దాటాక, చెవి ముందు గ్రంథి దగ్గర వెతకాలి. వీళ్లనీ ఆలస్యం చేయకూడదు. స్టెరాయిడ్ 72 గంటల్లోపు మొదలుపెడితే మేలు. మూతపడని కన్ను ఎండిపోకుండా చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ తప్పనిసరి. పక్షవాతమా, కాదా అన్నది తేల్చాల్సింది డాక్టరే. మీ పని చూసింది సరిగ్గా చెప్పడం.

ఇంటిపని రెండు ప్రశ్నలు. కంటి పొరను దూదితో తాకితే రెండు కళ్లూ మూసుకోవాలి; తెలిసేది ఐదోదానికి, మూసేది ఏడోది. ఒకరికి కుడికన్ను తాకితే ఎడమది మాత్రమే మూసుకుంది. ఏ నాడి, ఏ పక్క? ఇంకొకరికి నోరు తెరిస్తే దవడ ఎడమకి పోతోంది, నవ్వు మాత్రం సమానంగా ఉంది. ఏ నాడి, ఏ పక్క? కంటి పరీక్ష ఇంట్లో చేయకండి, కాగితం మీద ఆలోచించండి చాలు. జవాబులు 6వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠం ఎనిమిదో నాడిది. అది ఏడోదానితో కలిసి ఒకే రంధ్రంలో ఎముకలోకి దూరుతుంది కనుక ఈ పాఠం దగ్గర పెట్టుకోండి.