ట్యూనిక్ మాన్యువల్ లిపి చివరికి ఎలా చదవగలిగానంటే

ట్యూనిక్ (2022) అనే వీడియో గేమ్‌లో దొరికే మాన్యువల్ పేజీల నిండా గీతల లిపే, మధ్యలో ఒకటీ అరా ఇంగ్లీషు మాటలు తప్ప ముక్క అర్థం కాదు. గుర్తుకో ఇంగ్లీషు అక్షరం పెట్టి చూశా, తిరగేసి చూశా, దండగ. చివరికి కొన్ని గుర్తుల్ని కాగితం మీద పెద్దగా గీసుకుని, బయటి అంచు గీతలు ఎర్ర పెన్నుతో, లోపలివి నీలంతో దిద్దితే అప్పుడు వెలిగింది, ఇది మన గుణింతంలాంటిదే కదా అని! లోపలిది హల్లు, బయటిది అచ్చు. మాటిమాటికీ ఒంటరిగా కనిపించేదాన్ని ఇంగ్లీషు మాట ‘ద’ (the) అనుకుని మొదలుపెట్టా, కుదిరింది. అడుగున చిన్న సున్నా ఉంటే మాత్రం అచ్చు ముందు పలకాలి, ‘ఇన్’, ‘ఇట్’ అలాగే తేలాయి (దీని దగ్గరే రెండు రాత్రులు పోయాయి). స్పెల్లింగ్ కాదు, శబ్దమే చూడాలి. అచ్చుల్లో నాకింకా రెండు మూడు తేడా కొడుతున్నాయి. ఫెజ్ అనే ఇంకో గేమ్‌లోని లిపికి ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ అక్షరానికి అక్షరమే.