ఆపరేషన్‌లో రక్తం ఎక్కించారా? ఆయాసం మీద ఓ కన్నేసి ఉంచండి

మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. పశువుల పాకలో జారిపడి అమ్మకి తుంటి ఎముక విరిగింది. మనిషి 41 కిలోలే. ఆపరేషన్‌లో ఒక బ్యాగు, వార్డుకి తెచ్చాక ఇంకో బ్యాగు రక్తం ఎక్కించారు. రెండోది సగం అయ్యేసరికి, "ఒరే అబ్బాయ్, కాస్త తల ఎత్తిపెట్టరా, గాలి ఆడట్లేదు" అంది. నీరసమేమోననుకుని, పడుకోమ్మా అని బతిమాలుతూ పావుగంట పోగొట్టాను. మీరు అలా చేయకండి.

ఆపరేషన్‌కి ముందే మత్తు డాక్టరు గారికి గుండె, కిడ్నీ జబ్బులుంటే చెప్పండి. బరువు, ఇదివరకు రక్తం ఎక్కించినప్పుడు వచ్చిన ఇబ్బంది కూడా. రక్తం బాగా పోతుంటే ఆలోచించే టైముండదు, ఎక్కించాల్సిందే. అంత తొందర లేనప్పుడు మాత్రం, ఒక బ్యాగు అయ్యాక మనిషిని చూసి రెండోది పెడతారా అని అడగండి. ఒక్క బ్యాగుకే హిమోగ్లోబిన్ సుమారు 1 గ్రాము పెరుగుతుంది.

బ్యాగు మొదలైన టైము ఫోన్‌లో రాసుకోండి. ఊపిరి తీసినప్పుడు దుప్పటి ఒక నిమిషంలో ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. పెద్దవాళ్ళకి మామూలుగా 12 నుంచి 20. అది పెరుగుతున్నా, పడుకోలేకపోతున్నా, దగ్గు మొదలైనా, వేలి క్లిప్పులో ఆక్సిజన్ అంకె పడిపోతున్నా సిస్టర్‌ని పిలిచి రక్తం ఎక్కించడం ఆపమనండి. డాక్టరు గారిని పిలిపించండి. చేతి సూది మాత్రం ఉండాలి, మందులు దాన్లోంచే వెళ్ళాలి. మిగిలిన బ్యాగు పారేయకుండా బ్లడ్ బ్యాంకుకి పంపమనండి. బ్యాగు అయిపోయాక కూడా 12 గంటలు ఇలాగే చూసుకోవాలి.

గ్రూపు తప్పు ఎక్కించారేమోనని నాకు ఒకటే టెన్షన్. గ్రూపు సరిపోయినా ఈ ఆయాసం వస్తుందట, రెండు రకాలుగా. అమ్మది టాకో, అంటే ఒంట్లో ద్రవం ఎక్కువై ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. బీపీ బాగా పెరిగింది. ఆక్సిజన్ పెట్టి, ఒంట్లో నీరు యూరిన్‌గా పోయే మందు లాసిక్స్ ఇచ్చారు. యూరిన్ బ్యాగు నిండుతున్న కొద్దీ ఆయాసం తగ్గింది. రెండో రకం ట్రాలి. ఎక్కువగా దాత రక్తంలోని యాంటీబాడీల వల్ల ఊపిరితిత్తుల సన్న రక్తనాళాలు కారతాయి. 6 గంటల్లోపే మొదలవుతుంది, తరచుగా బీపీ పడిపోతుంది, జ్వరం రావచ్చు. దీనికి లాసిక్స్ పనిచేయదు. ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్ పెడతారు. చాలామంది కొద్ది రోజుల్లో తేరుకుంటారు.

ఇంటికి వచ్చేముందు, ఏం జరిగిందో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. మాకు రాయలేదు. మళ్ళీ వెళ్ళి రాయించి, ఆధార్ కార్డుతో పాటు అదే కవర్లో పెట్టాను.