ఖాతాలో పడిన డబ్బుకు ఒక కాగితం

జూలైలో ఆదాయపు పన్ను రిటర్ను వేయడానికి బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుంటే, ఎప్పుడో ఖాతాలో పడిన లక్ష రూపాయలు ఎవరు, ఎందుకు పంపారో ఒక పట్టాన గుర్తుకు రాదు. పంపేవారి చేత రిమార్క్స్ గడిలో ‘చేబదులు’, ‘బహుమతి’, ‘చేబదులు వాపసు’ అని రాయించి, అదే రోజు తెల్లకాగితంపై తేదీ, మొత్తం, బంధుత్వం, ఇద్దరి పాన్ నంబర్లు, సంతకాలతో ఒక ఉత్తరం తీసుకుని ఫైలులో పెట్టుకోవడం మేలు. చేబదులు ఆదాయం కాదు, పెదనాన్న ఇచ్చిన బహుమతికి పన్ను లేదు, కానీ పెదనాన్న కొడుకు, వరసకు అన్నే అయినా, ఆదాయపు పన్ను చట్టం లెక్కలో బంధువు కాడు (విచిత్రమే!) కనుక, మన పెళ్లి సందర్భంగా వచ్చినవి మినహా, అటువంటివారు ఇచ్చిన సొమ్ము ఆర్థిక సంవత్సరంలో 50,000 రూపాయలు దాటితే మొత్తానికీ పన్ను పడుతుంది. అయితే, చేసిన పనికి ముట్టిన డబ్బు మీద ‘బహుమతి’ అని రాయించినంత మాత్రాన అది ఆదాయం కాకుండా పోదు.