చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే ఏం చేయాలి?

పళ్లు తోముకునేటప్పుడు ఉమ్మిలో రక్తపు చార కనిపించగానే చాలామంది ఆ చోట బ్రష్ పెట్టడం మానేస్తారు. నిజానికి ఆ చోటనే మరింత శ్రద్ధగా తోముకోవాలి. చిగురు అంచున చేరిన పాచిలోని సూక్ష్మజీవుల వల్ల చిగురు వాచి రక్తం వస్తుంది కనుక, అక్కడ శుభ్రం చేయకపోతే వాపు ఇంకా ముదురుతుంది. పిప్పి పన్ను నొప్పితో నిద్ర చెడగొట్టి మనల్ని డాక్టరు దగ్గరకు పంపుతుంది. చిగుళ్ల వ్యాధి మాత్రం చాలామందిలో నొప్పి తెలియనివ్వకుండానే పంటిని పట్టి ఉంచే ఎముకను తినేస్తుంది.

సాఫ్ట్ బ్రష్‌ను పన్నూ చిగురూ కలిసే అంచున సుమారు 45 డిగ్రీల వాలుగా ఆనించి, గట్టిగా రుద్దకుండా చిన్న కదలికలతో, లోపలి వైపు కూడా వదలకుండా రెండు నిమిషాలు తోముకోవాలి. కింది ముందు పళ్ల లోపలి వైపు లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకుంటాయి కాబట్టి గార, అంటే గట్టిపడిన పాచి, ఎక్కువగా అక్కడే పడుతుంది. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కనుక రాత్రి పడుకోబోయే ముందు తోముకోవడం తప్పనిసరి. పళ్ల సందుల్లోకి బ్రష్ చేరదు. అక్కడ రోజుకొకసారి ఫ్లాస్ దారం గాని, సందు వెడల్పుగా ఉంటే సందుల్లో వాడే సన్నని బ్రష్ గాని వాడాలి, పిన్నీసులు, అగ్గిపుల్లలు వాడకూడదు. బొగ్గుపొడి, ఇటుకపొడి పళ్లను అరగదీస్తాయి.

పేస్టులో ఫ్లోరైడ్ ఉండాలి. నల్గొండ ప్రాంతంలో ఫ్లోరోసిస్‌ను కళ్లారా చూసినవారు ఈ మాటకు భయపడటం సహజమే గాని, ఆ జబ్బు ఏళ్ల తరబడి తాగిన నీటిలో ఫ్లోరైడ్ మితిమీరి ఉండటం వల్ల వచ్చింది. పెద్దలు తోముకుని ఉమ్మివేసే పేస్టు వల్ల రాదు. మింగేసే అలవాటున్న చిన్నపిల్లలకు మాత్రం మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల వరకు బఠానీ గింజంత పేస్టు చాలు.

ఇలా శ్రద్ధగా తోముకుంటే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో రక్తం తగ్గుముఖం పడుతుంది. తగ్గకపోతే పాచి గట్టిపడి గారగా మారిందని అనుమానించాలి. గార బ్రష్‌కు రాదు, దంతవైద్యుడి దగ్గర స్కేలింగ్ (పరికరంతో గార తీయడం) చేయించవలసిందే. స్కేలింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయన్న భయంతో ఏళ్ల తరబడి వాయిదా వేసి, చివరకు పళ్లు ఊడే దశలో వచ్చేవారిని తలచుకుంటే బాధ కలుగుతుంది. గార పోయాక, వాచిన చిగురు తగ్గి సందులు బయటపడతాయి, కొన్నాళ్లు చల్లని నీటికి పళ్లు జివ్వుమంటాయి. పన్ను కదిలితే అది అప్పటికే ఎముక తగ్గినందువల్లనే తప్ప స్కేలింగ్ వల్ల కాదు. చిగురు కింద లోతుగా గార ఉంటే పంటి వేళ్లను శుభ్రపరిచే చికిత్స, అదీ చాలకపోతే చిగురు తెరిచి చేసే శస్త్రచికిత్స అవసరమవుతాయి. ఆ తర్వాత ఎంత కాలానికొకసారి రావాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

మధుమేహం అదుపులో లేకపోతే చిగుళ్లు త్వరగా చెడతాయి, చెడిన చిగుళ్లు మధుమేహాన్ని అదుపులోకి రానివ్వవు. అందుచేత రెండింటికీ కలిపి వైద్యం చేయించుకోవాలి. పొగ తాగేవారిలో వ్యాధి ఉన్నా రక్తం తక్కువగా కనిపిస్తుంది కాబట్టి రక్తం రావడం లేదని నిశ్చింతగా ఉండకూడదు. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ కొందరిలో చిగుళ్లను ఉబ్బిస్తాయి. ఇవీ, రక్తం పల్చబడే మందులూ వాడేవారు ఆ సంగతి దంతవైద్యుడికి చెప్పాలి గాని సొంతంగా మందు ఆపకూడదు. జ్వరంతో పాటు చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే, ముఖ్యంగా డెంగీ వ్యాపించే వానాకాలంలో, పంటి డాక్టరు కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవాలి.